మూడో రూపాయి బిళ్ల ఎటు తిప్పాలి?

ముందు మూడు రూపాయి బిళ్లలు తీసుకోండి. నేను అనంతపురంలో మా ఇంటి వరండాలో, అమ్మ వేరుశనగ కాయలు ఆరబోసిన గోనెపట్టా అంచున పెట్టి చూశాను. త్రిభుజంలా పేర్చి, పక్కపక్కనున్న ఏ రెండూ ఒకేలా ఉండకూడదని నియమం పెట్టుకోండి. ఒకటి బొమ్మ, ఇంకోటి బొరుసు. మూడోది? ఎటు తిప్పినా ఒకదానితో తగువే. ఈ బిళ్లల్ని పొరుగువాటికి ఎదురుగా తిరగాలనుకునే పరమాణు అయస్కాంతాలు (స్పిన్లు) అనుకోండి: మొత్తం ఎనిమిది అమరికల్లో ఆరింటి శక్తి ఒకటే. ఈ తగువునే ఫ్రస్ట్రేషన్ అంటారు. అలాంటి త్రిభుజాలు వలలా అల్లుకున్న జాలకంలో ఐసింగ్ స్పిన్లు (పైకో కిందికో మాత్రమే తిరిగేవి) సున్నా కెల్విన్ దగ్గర కూడా ఒక క్రమానికి రావని భౌతిక శాస్త్రవేత్త గ్రెగరీ వానియర్ 1950లోనే లెక్కగట్టాడు.

మీ పదార్థంలో ఈ తగువు ఎంతుందో గ్రాఫ్ చెబుతుంది. ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలత) విలోమాన్ని ఉష్ణోగ్రతతో కలిపి గీయండి. పైన తిన్నగా ఉన్న భాగాన్ని కిందికి పొడిగిస్తే సున్నాకు ఎడమవైపు తగులుతుంది. అక్కడి ఉష్ణోగ్రతే క్యూరీ-వైస్ థీటా; స్పిన్ల మధ్య బలం ఎంతో అది చెబుతుంది. మైనస్ గుర్తు వదిలేసి, ఆర్డరింగ్ (స్పిన్లు ఒక క్రమానికి రావడం) నిజంగా వచ్చే నీల్ ఉష్ణోగ్రతతో భాగించండి. పది దాటిందంటే గట్టి ఫ్రస్ట్రేషనే. జింక్ క్రోమైట్‌లో థీటా సుమారు −390 కెల్విన్, ఆర్డరింగేమో 12.5 దగ్గర. అంటే 31.

నేను బోల్తా పడింది ఫిట్ (డేటాకు సరిపడే తిన్నని గీత గీయడం) దగ్గరే. 50 నుంచి 150 కెల్విన్ దాకా గీత తిన్నగా కనిపించేసరికి సంబరంగా స్కేలు పెట్టేశాను. థీటా −180 వచ్చింది. మా గైడ్ మేడమ్ చూసి, "థీటా కంటే కింద ఫిట్ చేసి నాకు థీటా చెప్తావా?" అన్నారు. అప్పటికే స్లైడ్లు కూడా రెడీ, ఇంకేం, రాత్రంతా టెన్షన్. ఫిట్ థీటాకి, అంటే మైనస్ గుర్తు వదిలేస్తే వచ్చే ఉష్ణోగ్రతకి, బాగా పైనే చేయాలి. జింక్ క్రోమైట్‌కైతే మా ఊరి మే ఎండ కూడా చలికాలమే: 42 డిగ్రీలంటే 315 కెల్విన్, అంతే. ఓవెన్ పెట్టి 400 దాటాల్సిందే. అక్కడ సిగ్నల్ చిన్నది, కాబట్టి శాంపిల్ హోల్డర్ డయామాగ్నెటిజం (క్షేత్రానికి ఎదురుగా వచ్చే చిన్న స్పందన) తీసేయకపోతే గీత వంగిపోతుంది.

తక్కువ ఉష్ణోగ్రతల్లో ససెప్టిబిలిటీకి మొన కనిపించగానే ఆర్డరింగ్ అని రాసేయకండి. కొలిచే ఏసీ (అటూ ఇటూ మారే) క్షేత్రం ఫ్రీక్వెన్సీ మారిస్తే మొన జరుగుతోందా? అయితే అది స్పిన్ గ్లాస్ (స్పిన్లు క్రమం లేకుండానే బిగుసుకుపోయిన స్థితి) కావచ్చు. కదలకపోతే హీట్ కెపాసిటీలోనూ అక్కడే పదునైన శిఖరం ఉందేమో చూడండి. న్యూట్రాన్ డిఫ్రాక్షన్‌లో (న్యూట్రాన్లు పంపి స్పిన్ల అమరిక చూసే పద్ధతిలో) కొత్త అయస్కాంత శిఖరాలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. హెర్బర్ట్‌స్మిథైట్ అనే రాగి-జింక్ ఖనిజంలో థీటా −300 దరిదాపుల్లో ఉన్నా 50 మిల్లీకెల్విన్ దాకా ఆర్డరింగ్ జాడే లేదు. అందులో చల్లబరిచేకొద్దీ ససెప్టిబిలిటీ పైకి ఎగబాకే తోక చాలావరకు జింక్ చోట చేరిన రాగి అయాన్లది. మీ డేటాలో అలాంటి తోక ఉంటే ముందు శాంపిల్ శుద్ధి చూసుకోండి.