రథసప్తమికి జిల్లేడాకులు తెంపే ముందు

మాఘ శుద్ధ సప్తమి దగ్గర పడిందంటే మా ఉప్పల్ వైపు ఖాళీ ప్లాట్ల దగ్గర జనం కనిపిస్తారు. ఒక చేతిలో క్యారీబ్యాగ్, ఇంకో చేతిలో ఫోన్. ప్రహరీ పక్కన ఎవరూ నాటకుండానే పెరిగిన జిల్లేడుకి ఏడాదంతా లేని గిరాకీ ఆ రెండు రోజుల్లోనే. తల మీద ఒకటి, భుజాల మీద రెండు అంటూ ఏడాకులూ లెక్కపెట్టుకుని తెంపుకుపోతారు. నేనూ అలాగే తెంపేవాణ్ణి.

రెండేళ్ల కిందట సప్తమి ముందురోజు సాయంత్రం కూడా అంతే. జిల్లేడాకుకి కాడ లేనట్టే ఉంటుంది, కొమ్మను కరుచుకుని ఉంటుంది. లాగితే విరిగిన చోట పాలు బొట్లుబొట్లుగా ఉబుకుతాయి. వేళ్లకి అంటితే ప్యాంటుకి తుడుచుకున్నాను. ఇంటికొస్తూ కళ్లజోడు సర్దుకుని కన్ను నలుపుకున్నట్టున్నాను. కాసేపు మండి తగ్గిపోయింది. పొద్దున లేచేసరికి కుడికన్ను ముందు పొగమంచు. చలికాలం కదా, బయట మంచే అనుకున్నాను. వంటింట్లో ట్యూబ్‌లైట్ చుట్టూ రంగుల వలయం కనిపించాక గానీ టెన్షన్ మొదలవలేదు. నొప్పి మాత్రం పెద్దగా లేదు.

ఆ నొప్పి లేకపోవడమే మోసం. జిల్లేడు పాలు కంటిని కొంత మొద్దుబారుస్తాయి, అందుకే మనం పట్టించుకోం. ఈలోగా అవి కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, దాని లోపలి వరస దాకా దిగుతాయి. కార్నియాలో నీరు నిలవకుండా ఎప్పటికప్పుడు బయటికి తోడేసేది ఆ లోపలి వరసలోని కణాలే. అవి దెబ్బతింటే కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది, చూపు మసకబారుతుంది. చాలామందికి మందులతో కొద్ది వారాల్లో చూపు తేరుకుంటుంది. కానీ చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు.

అందుకని ఆకులు ముందురోజే తెంపండి. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే పాలిథిన్ కవర్ అయినా తొడుక్కోండి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే తెంపండి. ఆకును లాగొద్దు, కత్తెరతో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పట్టుకోండి. ఫోన్ మోగితే మోగనివ్వండి. నా అనుమానం, సగం ప్రమాదాలు ఫోన్ వల్లే. ఇంటికొచ్చాక ఆకుల్ని బకెట్ నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, పాలు కారడం ఆగేదాకా పళ్లెంలో ఆరబెట్టండి. చేతులు సబ్బుతో కడిగేదాకా ముఖం ముట్టుకోవద్దు. స్నానంలో తల మీది ఆకు పైనుంచి నీళ్లు పోసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకోండి. చిన్నపిల్లల తల మీద ఆకు పెట్టకపోతే సూర్యుడేమీ కోపగించుకోడు.

వినాయక చవితి పత్రిలో అర్కపత్రం అంటే ఇదే. కాబట్టి అప్పుడూ ఇదే జాగ్రత్త. ఆ పత్రిలోని ఉమ్మెత్త, గన్నేరు కూడా విషాలే, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

పాలు కంట్లో పడ్డాయని అనుమానం వచ్చినా చాలు, కుళాయి సన్నగా తిప్పి 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి. చనుబాలు, రోజ్‌వాటర్, ఆముదం, ఇంట్లో మిగిలిన పాత చుక్కలు ఏవీ వేయొద్దు. అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. మెహదీపట్నంలో సరోజినీదేవి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. వెళ్లగానే ‘జిల్లేడు పాలు పడ్డాయి’ అని చెప్పండి. నాకు ఆ ముక్క తట్టలేదు, మొదట చూపించుకున్న చోట కండ్లకలక అని చుక్కలిచ్చి పంపేశారు. రెండు రోజులు వృథా.

ఇక నాటు వైద్యం. మా అమ్మ పండిన జిల్లేడాకుకి ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి మోకాలికి కట్టుకుంటుంది. హాయిగా ఉందంటుంది, నేను కాదనను. పుండు గానీ గీరుకున్న చోటు గానీ లేదని చూసి, అరగంటలో తీసేయమంటాను. దురద పుట్టినా, ఎర్రబడినా ఇంకెప్పుడూ కట్టకూడదు. పుచ్చు పన్నులో పాలు పెట్టడం, చెవిలో ఆకు పసరు పిండడం, ముల్లు గుచ్చుకున్న చోట పాలు పూయడం, ఉబ్బసానికి పువ్వును మిరియాలతో నూరి మింగడం మాత్రం వద్దే వద్దు. ఈ చెట్టులో గుండె లయను తప్పించే గ్లైకోసైడ్లనే విష పదార్థాలున్నాయి. ఆయుర్వేదం కూడా దీన్ని ఉపవిషాల్లోనే లెక్కేసింది, శుద్ధి చేయకుండా వాడదు. ఆ శుద్ధి వంటింట్లో అయ్యే పని కాదు.

స్నానమయ్యాక బాత్రూమ్‌లో రాలిన ఆకుల్ని చేత్తో ఏరకండి, చీపురుతో చేటలోకి ఎత్తండి. సాయంత్రం పిల్లలు ప్లాట్‌లో ఆడుకుంటుంటే ఓ కన్నేసి ఉంచండి. జిల్లేడు మొగ్గ నొక్కితే టప్పుమంటుందని వాళ్లకి బాగా తెలుసు.