గృహ కూడికలో చెప్పడానికి మూడు నిమిషాల సాక్ష్యం

ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో సాక్ష్యం, అంటే దేవుడు తమ జీవితంలో చేసిన మేలు, చెప్పమనగానే చాలామంది వెనక వరుసలోకి జరుగుతారు. చావు తప్పి బయటపడటమో, వీసా రావడమో జరగకపోతే చెప్పుకోడానికి ఏముందని వాళ్ల బాధ. కానీ బైబిల్లో చూడండి, బేతేలు అనే చోట రాయి తలకింద పెట్టుకుని పడుకున్న యాకోబుకు, దేవుడు అక్కడున్నాడని నిద్ర లేచాకే తెలిసింది (ఆది. 28:16). ఎమ్మాయు ఊరి దారిలో, తిరిగి లేచిన యేసు ప్రభువు పక్కనే నడిచినా శిష్యులు పోల్చుకోలేదు, రొట్టె విరిచినప్పుడే కళ్లు తెరుచుకున్నాయి. అందుకే మొదట, గడిచిన రోజును వెనక్కి తిరిగి చూడటం అలవాటు కావాలి.

కూడికకు వారం ముందు ఒక నోటుబుక్ పెట్టుకోండి. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక పది నిమిషాలు చాలు. పొద్దున లేచిన దగ్గర్నుంచి జరిగినవి వరసగా తలచుకుని, మనసు ఎక్కడ ఆగిందో అదొక్కటే రాయండి. సంతోషమే కానక్కర్లేదు, కోపం దగ్గరో సిగ్గు దగ్గరో ఆగినా రాయండి. "దేవుడు ఆదుకున్నాడు" అని కాదు, జరిగింది రాయాలి: "వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది. మూడు నెలలుగా మాటల్లేని తోటికోడలు, అడక్కుండానే అన్నం వండి పంపింది." అర్థం ఆ రాత్రే తేల్చేస్తే మిగతా వివరాలు మరుగున పడిపోతాయి.

కూడిక ముందురోజు రాసినవన్నీ చదివి ఒకటి ఎంచుకోండి. పెద్దది కాదు, మీరు ఊహించని మనిషో మాటో ఉన్నది.

ఫోన్లో టైమర్ పెట్టి ఒకసారి పైకి చెప్పుకోండి. ఎక్కువైతే ముందుగా ఉపోద్ఘాతం తీసేయండి. వందనాలు చెప్పి నేరుగా రోజు, చోటు, మనిషిలోకి వెళ్లండి. వాక్యం వాక్యానికీ దేవుని పేరు అక్కర్లేదు. బైబిల్లో హెబ్రీ భాషలో ఉన్న ఎస్తేరు గ్రంథంలో ఆయన పేరు ఒక్కసారీ రాదు, అయినా కథ నడిపేదెవరో వినేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. చివర్లో ఒక్క మాట చాలు: "అన్నం గిన్నె మూత తీసినప్పుడు ఆయన దగ్గరున్నట్టు అనిపించింది."

ఎక్కువగా బెడిసికొట్టేది "నేను ఎక్కాల్సిన బస్సు పడిపోయింది, దేవుడు నన్ను తప్పించాడు" అనే సాక్ష్యం. ఆ బస్సులో కొడుకును పోగొట్టుకున్న తల్లి అదే చాప మీద కూర్చుని ఉండొచ్చు. ఆమెకు వినబడేది, నీ కొడుకును మాత్రం తప్పించలేదని. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. కృతజ్ఞత చెప్పండి, కారణం చెప్పొద్దు.

తోటికోడలి సంగతి ఆమెను అడిగాకే చెప్పాలి. "మా బంధువొకావిడ" అంటే సరిపోదు, ఊళ్లో అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. ఒప్పుకోకపోతే వేరేది ఎంచుకోండి. సాక్ష్యాలకు ఇంకో జబ్బు, చెప్పినకొద్దీ పెంచేయడం: అదే జ్వరం మొదటిసారి చెప్పినప్పుడు 101, మూడో ఏడాదికి 105! నోటుబుక్ దీనికి కూడా మందే.

కష్టం తీరకపోయినా చెప్పొచ్చు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. "ఇంకా ఎదురుచూస్తున్నాను" అని కూర్చోండి.

కూడిక నడిపేవాళ్లు సాక్ష్యం అవగానే బైబిలు వాక్యం అందుకోకండి. అర నిమిషం మౌనం, ఆ తర్వాత "అప్పుడు మీకేమనిపించింది?" అన్న ఒక్క ప్రశ్న, ఆపైన పాట.