ముంగారు వానకు ముందే చేని దారి సంగతి తేల్చుకోండి

అనంతపురం వైపు జూన్, జూలైల్లో పదును పడిందంటే శనక్కాయ విత్తడానికి ఎవరి తొందర వాళ్లది. పాత కక్షలున్న చోట బండిదారికి అడ్డంగా కంప పడేదీ అప్పుడే. పదును నాలుగు రోజుల్లో ఆరిపోతుంది, కోర్టులో వాయిదా అంత తొందరగా రాదు. అందుకే ఇప్పుడే చూసుకోవాలి.

ముందు ఎఫ్ఎంబీ (సర్వే నంబరు పొలాల కొలతల పటం) నకలు తీసుకోండి. అందులో మీ దారి రస్తా పోరంబోకుగా, అంటే ప్రభుత్వ దారి భూమిగా ఉంటే తహసీల్దార్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. పక్కవాళ్ల పట్టాలోంచి పోతుంటే మాత్రం 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇంకొకరి భూమిలో దారి లాంటి వాడకపు హక్కుల) చట్టమే దిక్కు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసి పాత దస్తావేజుల చెక్కుబందిలో, అంటే నాలుగు వైపుల హద్దుల వివరంలో దారి ప్రస్తావన ఉందేమో వెతకండి.

ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు బాహాటంగా, తగాదా లేకుండా, తెంపు లేకుండా, హక్కుదారులుగా వాడుకుంటే దారి మీద హక్కు వస్తుంది. ప్రభుత్వ భూమైతే 30 ఏళ్లు. చాలామంది దెబ్బతినేది హక్కుదారులుగా వాడామని చూపించాల్సిన దగ్గరే. "అన్నా, ఈసారికి ట్రాక్టర్ పోనీ" అని ఏటా అడిగి పోతే, నలభై ఏళ్లు గడిచినా అది అనుమతి కిందికే వస్తుంది. ఇచ్చినాయన మామూలుగా ఎప్పుడైనా వద్దనొచ్చు. పల్లెలో అడగకుండా పోతే పొగరంటారు, అదీ నిజమే. కనీసం పంచాయితీ కాగితంలో "వాళ్ల దయతో వాడుకుంటున్నాం" అని రాసుంటే సంతకం పెట్టకండి.

అన్నదమ్ముల పంపకాల్లో లోపలి చేను దక్కినాయనకు వేరే దారే లేకపోతే 13వ సెక్షన్ కింద దారి ఉంటుంది, ఇరవై ఏళ్లు అక్కర్లేదు. చుట్టుదారి ఉంటే మాత్రం ఈ వాదన నిలవడం కష్టం. కాబట్టి భాగపరిష్కార దస్తావేజులోనే దారి ఏ వైపో, ఎన్ని అడుగులో రాసి రిజిస్టర్ చేయించండి. ఎద్దులబండి కొలత చాలదు, రేపు చీనీ తోటకు బోరు లారీ పోవాలి.

కంప వేస్తే మీరే పీకేయకండి. 36వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు, పైగా పోలీసు కేసు మీ మీదికే రావచ్చు. తేదీ పడేలా ఫొటోలు తీసి, లాయర్ నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (దారికి అడ్డు పెట్టొద్దనే ఉత్తర్వు) అడగండి. దారి ఎలా ఉందో చూసి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమనీ కోరవచ్చు. అడ్డం పడిందని తెలిసీ ఏడాది ఊరుకుంటే ఇరవై ఏళ్ల లెక్క తెగిపోతుంది.

ఈలోపు విత్తనం కోసం ఇంకొకరి చేని మీదుగా పోవాల్సి వస్తే, అది ఈ ఒక్క పంటకేనని, పాత దారి హక్కు వదులుకోలేదని లాయర్ చేత రాయించుకుని పొండి.