వైజాగ్ నుంచి రిజర్వాయర్ ఒడ్డున టెంట్ బస: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కార్తీకం వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. ఏ టెంట్ కొనాలి, ఎంతకి దొరుకుతుంది, తాటిపూడి బావుంటుందా తాజంగి బావుంటుందా అని. టెంట్ ఎక్కడ పాతాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. ట్రిప్ పాడయ్యేది సరిగ్గా అక్కడే, కాబట్టి మిగతావన్నీ గబగబా చెప్పేసి దాని దగ్గర ఆగుతాను.

ముందు రోజులు. నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అక్టోబర్ వద్దు, అది తుఫాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చిందని వైజాగ్ వాళ్లకి నేను గుర్తుచేయక్కర్లేదు. శని, ఆదివారాలు, జనవరి ఒకటి, సంక్రాంతి సెలవులు కూడా వద్దు. ఊళ్లో జనమంతా ఘాట్ రోడ్డు మీదే ఉంటారు, మీరు కారులో కూర్చుని ముందు బండి వెనక లైట్లు చూస్తూ గడపాలి. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి.

చోటు విషయానికొస్తే, మొదటిసారి వెళ్లేవాళ్లకి తాటిపూడి తప్ప ఇంకోటి చెప్పను. గోస్తనీ నది మీద కట్టిన రిజర్వాయర్, శృంగవరపుకోట (ఎస్.కోట) వైపు, వైజాగ్ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, ఘాట్ ఎక్కే పని లేదు. ఏదైనా మర్చిపోయినా, పిల్లాడికి జ్వరం వచ్చినా వెనక్కి వచ్చేయొచ్చు. తాజంగి రెండోసారికి ఉంచుకోండి. ఆ రిజర్వాయర్ లంబసింగి దగ్గర, నర్సీపట్నం మీదుగా సుమారు 130 కిలోమీటర్లు. అక్కడ డిసెంబర్, జనవరి చలి మన బీచ్ రోడ్డు చలి లాంటిది కాదు, ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగుతుంది. కొండకర్ల ఆవకి, అంటే పక్షులు చేరే ఆ సరస్సుకి, మాత్రం పగలే వెళ్లి రండి. తాటి దోనెలెక్కి తిరగండి, పక్షుల్ని చూడండి, సాయంత్రానికి వచ్చేయండి. పక్షులు నిద్రపోయే చోట రాత్రంతా లైట్లూ పాటలూ పెట్టేవాళ్లంటే నాకు పడదు.

ఎక్కడైనా సరే, అడగకుండా దిగకండి. రిజర్వాయర్ గట్టు ఇరిగేషన్ వాళ్లది, పక్కన అడవి ఉంటే ఫారెస్టు వాళ్లది, మిగిలింది ఎవరో ఒక రైతుది. మన్యంలో ఖాళీగా కనబడే నేల కూడా ఏదో ఒక గిరిజన కుటుంబం సాగు చేసుకునేదే. ఊళ్లోకి వెళ్లి, పెద్దవాళ్లని పలకరించి, డబ్బులిచ్చి వాళ్ల చేను గట్టున ఉంటే, రాత్రి ఏదైనా అయితే పిలవడానికి ఒక మనిషి కూడా ఉన్నట్టే.

కారవాన్ అద్దెకి తీసుకుంటామంటారు కొందరు. తీసుకోండి, కానీ అంత బరువైన బండికి గట్టి నేల కావాలి, చదునైన నేల కావాలి, తిప్పుకోడానికి జాగా కావాలి. మూడూ ఉన్న చోటు సాధారణంగా హోటల్ పార్కింగే అవుతుంది. మంచం, బాత్రూమ్ అన్నీ ఉన్న రెడీమేడ్ గ్లాంపింగ్ టెంట్లయితే ఫోన్లోనే మూడు సంగతులు అడగండి: బాత్రూమ్ లోపలే ఉందా, జనరేటర్ ఎన్నింటికి ఆపుతారు, రిజర్వాయర్ నిండితే నీళ్లు ఎంత దూరానికి వస్తాయి. మూడోదానికి నీళ్లు నమిలితే బుక్ చేయకండి. నా ఓటు మాత్రం సొంత టెంట్‌కే. ఇద్దరికి నలుగురి టెంట్ కొనాలి, కంపెనీ వాళ్ల లెక్కలో మనుషులు పక్కకి తిరగరు.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు. టెంట్, టార్పాలిన్, తాడు, తలకి కట్టుకునే లైట్, ఐదు కిలోల గ్యాస్ సిలిండర్, స్టవ్, ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్, ఓడోమాస్, మందులు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమల సంగతి తేలిగ్గా తీసుకోకండి. దుప్పట్లు పైన కప్పుకోడానికి ఎన్ని తెస్తారో, కింద పరుచుకోడానికీ అన్నే తేవాలి. చలి ఎక్కువగా నేల నుంచే ఎక్కుతుంది. చాప, దాని మీద బొంత, ఆ తర్వాతే మీరు.

మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండండి. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దు పోతుంది, కొండల మధ్య ఇంకా ముందే. చీకట్లో ఎంచుకున్న చోటు మంచిది కావడం నేను చూళ్లేదు.

ఇక అసలు పని. అందరూ చేసేదేమిటంటే కారు దిగీ దిగగానే నీళ్ల అంచున పచ్చగా, చదునుగా, లాన్ లాగా ఉన్న చోటు చూసి మురిసిపోయి అక్కడే టెంట్ వేసేస్తారు. అది ఒడ్డు కాదండీ, రిజర్వాయర్ అడుగు. నీళ్లు తగ్గాయి కాబట్టి గడ్డి మొలిచింది, అంతే. ముందు నీళ్లు ఎంతదాకా వచ్చి వెళ్లాయో వెతకండి. ఎండిన గడ్డీ గాదం, పుల్లలు, ప్లాస్టిక్ సీసాలు ఒక గీత గీసినట్టు పేరుకుని ఉంటాయి, రాళ్ల మీద తెల్లటి చార ఉంటుంది. ఆ గీతకి కింద ఉన్నదంతా నీళ్ల సొత్తు. ఆ గీత నుంచి కనీసం రెండు నిలువుల ఎత్తు ఎక్కి వేయండి. మీ దగ్గర చుక్క పడకపోయినా, పైన కొండల్లో వాన కొడితే గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ, రాత్రికి రాత్రి ఇక్కడికే వస్తాయి. గెడ్డ వచ్చి కలిసే మూలలో అయితే ఎంత అందంగా ఉన్నా టెంట్ వేయకండి.

కారుకీ అదే మాట. పైన ఎండి పగుళ్లు కట్టిన నేల కింద ఒండ్రు ఇంకా తడిగానే ఉంటుంది. చక్రం దిగిందంటే ఊళ్లోంచి ట్రాక్టర్ రావాలి.

ఎత్తు ఎక్కమనడానికి ఇంకో కారణం చలి. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట జారి కిందున్న పల్లంలో, అంటే నీళ్ల పక్కన, కూర్చుంటుంది. మంచు పట్టేదీ అక్కడే. కొంచెం పైకి వెళ్తే తేడా ఒంటికే తెలుస్తుంది. ఆ గాలి కొండ వైపు నుంచి నీళ్ల వైపు దిగుతుంది కాబట్టి టెంట్ తలుపు నీళ్ల వైపు పెట్టుకోండి, పొద్దున్నే చూపుకీ బావుంటుంది. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించేయకండి. తెల్లారి లోపల చుక్కలు కారితే టెంట్ లీకవుతోందని షాపువాణ్ణి తిట్టుకుంటారు గానీ, అవి మీ ఊపిరిలోని తేమే. పై జాలీలు రెండు వైపులా తెరిచే ఉంచాలి.

పెద్ద చెట్టు కింద వద్దు. ఎండుకొమ్మ, రాత్రంతా మంచు చుక్కలు, అన్నిటికంటే తేనెతుట్టె. మీరు వేసిన మంట పొగ దానికి తగిలితే ఆ తర్వాత జరిగేది చెప్పను. పుట్టలు చూసుకోండి. పశువుల దారి కూడా చూసుకోండి, పేడ ఉంటే తెలిసిపోతుంది. తెల్లారగట్ల మంద నీళ్లకి దిగేది ఆ దారినే, మీ టెంట్ తాళ్లు వాటికి కనబడవు.

చోటు కుదిరాక వెంటనే మేకులు కొట్టకండి, ముందు ఆ నేల మీద పడుకుని చూడండి. వీపుకి తగిలే రాయి ఇప్పుడే తీసేయొచ్చు. వాలు ఉంటే తల ఎత్తు వైపు. కింద పరిచే టార్పాలిన్ టెంట్ బయటికి ఒక్క అంగుళం కూడా కనబడకూడదు, లోపలికి మడిచేయండి. లేకపోతే మంచు, వాన అంతా దాని మీద పడి మీ కిందకే వస్తుంది. మేకు తల టెంట్‌కి ఎడంగా వంగి ఉండాలి.

మంట టెంట్‌కి దూరంగా, గాలికి కింది వైపు వేసుకోండి. నిప్పుల కుంపటి వెచ్చదనానికని లోపలికి మాత్రం తీసుకెళ్లొద్దు, స్టవ్ కూడా వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దీని మీద బేరాల్లేవు.

తిండికి ఇంటి నుంచి పులిహోర, దద్దోజనం తెచ్చుకుని టీ మాత్రం అక్కడ పెట్టుకోవడం నా పద్ధతి. అరకు, లంబసింగి వైపు వెళ్తే బొంగులో చికెన్ రోడ్డు పక్కనే దొరుకుతుంది, దాన్ని మీరు చేయబోయి మాడ్చకండి. గిన్నెలు సబ్బుతో రిజర్వాయర్‌లో కడగొద్దు, తాటిపూడి నీళ్లే వైజాగ్ కుళాయిల్లోకీ వస్తాయి. ఈతకీ దిగొద్దు, అడుగున బురద, నాచు ఎక్కడ ఎంత లోతో పైకి తెలీదు.

పొద్దున్న ఎండ తగిలి టెంట్ ఆరేదాకా మడవకండి. తొందరుండి తడిగానే మడిచేస్తే, ఇంటికి రాగానే మేడ మీద తాడు కట్టి ఆరేయండి. మన వైజాగ్ ఉక్కలో రెండు రోజులు సంచిలో ఉంచితే బూజు పట్టేస్తుంది, ఆ వాసన ఇక పోదు.