గ్రహాంతర సాహస కథలు రాద్దాం – 4: తుపాకి ఉండగా కత్తి ఎందుకు?

పోయినసారి ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా: నాయకుణ్ణి ఒక్క పేజీలో అంగారకుడి మీద దించాలి. మీరు పంపినవాటిలో చాలామటుకు రాకెట్టులోనే ఆగిపోయాయి. ఇంధనం, కక్ష్య, ప్రాణవాయువు సిలిండర్లు, తల్లికి వీడ్కోలు... పేజీ అయిపోయింది, అంగారకుడు మాత్రం రాలేదు.

1912లో ఎడ్గార్ రైస్ బరోస్ తన తొలి అంగారక కథను పత్రికలో సీరియల్‌గా రాస్తూ ఈ ప్రయాణాన్ని ఎలా తేల్చేశాడో చూడండి. కథానాయకుడు జాన్ కార్టర్ అమెరికాలోని ఆరిజోనాలో ఒక గుహ ముందు నిలబడి, ఎర్రగా మెరుస్తున్న అంగారకుడి వైపు చేతులు చాస్తాడు. ఓ క్షణం చలి, చీకటి. కళ్లు తెరిస్తే అక్కడున్నాడు. ఎలా వచ్చాడని అడిగే తీరిక మనకుండదు. ఎందుకంటే లేచి నడవబోయిన ప్రతిసారీ గాల్లోకి ఎగిరి బొక్కబోర్లా పడుతుంటాడు. అక్కడి గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతమే మరి. ఆ పాట్లు చూసి ముందు నవ్వుకున్నాం కాబట్టే, కాసేపటికి అతను ముప్పై అడుగులు ఎగిరి శత్రువుల్ని తప్పించుకున్నా నమ్మేస్తాం. లెక్క వేస్తే అంత ఎత్తు రాదు. వేయకండి.

ఇంకో ఫిర్యాదు: ‘అంగారకుడి మీద పీల్చడానికి గాలే లేదు కదా?’ లేదు. ఒకప్పుడు అక్కడున్నాయనుకున్న కాలువలూ లేవు. 1965లో మెరినర్ 4 వ్యోమనౌక పంపిన ఫొటోల్లో గుంతలే కనిపించాయి. అయినా నాకు ఆ కాలువల్ని నమ్మిన ఖగోళ శాస్త్రవేత్త పర్సివల్ లోవెల్ ఊహించిన అంగారకుడే ఇష్టం: ఎండిపోతున్న లోకం, ధ్రువాల మంచు నుంచి నీళ్లు మళ్లించుకునే ముసలి జాతి. నీటి చుక్క కోసం రాజ్యాలు కొట్టుకునే చోట కథను వెతుక్కోనక్కర్లేదు. నిజాల్లో పనికొచ్చేవి మాత్రం వదలకండి. ఫోబోస్ అనే చందమామ అక్కడ పడమట ఉదయించి, నాలుగు గంటలు దాటగానే తూర్పున అస్తమిస్తుంది. కోట కాపలావాళ్లు దాన్నిబట్టే వంతులు మారతారనుకోండి, ఖైదీకి దారి దొరికినట్టే.

ఇక అసలు గొయ్యి. దీంట్లో దాదాపు అందరూ పడ్డారు.

నాయకుడి మొలలో కత్తి ఉంది, కాపలావాడి చేతిలో కిరణాల తుపాకి ఉంది. వాడు పేల్చడేం? ‘తుపాకి పాడైంది’ అని ఒకరు, ‘గురి తప్పింది’ అని ఇంకొకరు, ‘వాడికీ కత్తియుద్ధమే సరదా’ అని మరొకరు రాశారు. మూడూ తప్పించుకోవడమే. ఈ కథల్లో మనల్ని లాగేది ఒక మనిషి ఒడుపు, ఒక మనిషి తెగువ లెక్కలోకి రావడం. దూరం నుంచి మీట నొక్కి చంపగలిగితే ఆ రెండింటికీ విలువ లేదు. కాబట్టి తుపాకిని ఆ లోకపు నియమమే ఆపాలి, అదృష్టం కాదు.

బరోస్ అంగారకుడి మీద తుపాకులున్నాయి, అవి మైళ్ల దూరం పేలతాయి కూడా. కానీ ఒకడు కత్తి దూస్తే, ఎదుటివాడు కత్తితోనో అంతకన్నా చిన్న ఆయుధంతోనో ఎదుర్కోవాలన్నది అక్కడి ఆచారం. ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘డ్యూన్’లో ఆ పని ఒంటి చుట్టూ ఉండే శక్తి కవచం చేస్తుంది: వేగంగా వచ్చేదాన్ని ఆపుతుంది, నెమ్మదిగా దిగే బాకును ఆపలేదు. దాంతో అక్కడ పోరాడే తీరే మారిపోయింది. నాకు నచ్చిన మూడో దారి హైడ్రోజన్‌తో తేలే గాలి ఓడ. నెత్తిమీద అంత మండే వాయువు పెట్టుకుని ఎవడూ పేల్చడు. కత్తికి కత్తి తగిలి నిప్పురవ్వ లేస్తే ఇద్దరి గుండెలూ ఆగుతాయి. ఇది ఉచితంగా దొరికిన ఉత్కంఠ.

నియమాన్ని కత్తి ఒరలోంచి రాకముందే చెప్పేయాలి. పోరు మధ్యలో చెబితే సాకులా ఉంటుంది. విలన్ దాన్ని తప్పొచ్చు, కానీ వాడి సొంత సైనికులే మొహం తిప్పుకోవాలి. నాయకుడు తప్పితే నేను పుస్తకం మూసేస్తాను.

సంభాషణలు, పేర్లు పెట్టడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

అభ్యాసం: గాలి ఓడ మీద ఇద్దరి కత్తియుద్ధం, రెండు పేజీలు. ‘హైడ్రోజన్’, ‘పేలుడు’ అన్న మాటలు వాడకుండానే పాఠకుడికి భయం తెలియాలి. సగంలో ఫోబోస్ అస్తమించాలి. ఓడిపోయినవాడు చావకూడదు, వచ్చే పాఠంలో వాడితో పనుంది. రాశాక మొదటి పేరా కొట్టేసి, మిగిలింది పంపండి.