గన్నవరం ఫ్లైట్‌లో ఎన్ని సీట్లు మిగిలాయో ఇలా పట్టుకున్నా (నా అనుభవం)

అమ్మకు మోకాళ్ల నొప్పులు. పక్క సీటు ఖాళీగా ఉంటే కాలు చాపుకుంటుందని, హైదరాబాద్ వెళ్లేటప్పుడు రద్దీ లేని ఫ్లైట్ కోసం వెతికేదాన్ని. సీటు ఎంచుకునే బొమ్మలో (సీట్ మ్యాప్) సగం ఖాళీ, తీరా ఎక్కితే కిటకిట! కాల్ సెంటర్‌కి ఫోన్ చేశా, బెంజి సర్కిల్ దగ్గర ట్రావెల్స్ అతన్నీ అడిగా, లాభం లేదు.

డబ్బు కట్టి సీటు ఎంచుకోనివాళ్లు చెక్-ఇన్ అయ్యేదాకా మ్యాప్‌లో కనపడరు. అదీ అసలు సంగతి.

ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో 9 మందికి వెతికా. మామూలుగా ఒక బుకింగ్‌కి అంతే గరిష్ఠం. మధ్యాహ్నం ఫ్లైట్ వచ్చింది, సాయంత్రంది రాలేదు. 8, 7, 6 అంటూ ఒక్కొక్కరినే తగ్గిస్తే 4 దగ్గర సాయంత్రంది కనిపించింది. అమ్మకానికి మిగిలినవి నాలుగేనన్నమాట. మనుషుల్ని పెంచినప్పుడు తలసరి రేటు పెరిగితే, ఆ తక్కువ రేటులో అంతమందికి సీట్లు లేవని అర్థం, ఫ్లైట్ నిండిందని కాదు. పేమెంట్ దాకా మాత్రం వెళ్లకండి.

మధ్యాహ్నందే తీసుకున్నా. వెబ్ చెక్-ఇన్ మొదలయ్యాక, ముందురోజు రాత్రి మ్యాప్ మళ్లీ చూసి అమ్మ సీటు మార్చా. పక్కన ఎవరూ రాలేదు.

9 మందికి వచ్చిందంటే కనీసం 9 ఉన్నట్టే. పైన ఎన్నో తెలియదు. డెబ్బై చిల్లర సీట్ల ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఇది కాస్త నమ్మొచ్చు, 180 సీట్ల విమానంలో అంతగా కాదు. చివరి గంటల్లో కొనేవాళ్లూ ఉంటారు. నాకు మూడుసార్లు కుదిరింది, అంతే చెప్పగలను.