ఇంటి పద్దుల పాఠాలు – 3: ఇంధనాన్ని లీటర్లలో లెక్క రాయడం

గత రెండు పాఠాలలో నెల ఖర్చులన్నీ పుస్తకంలోకి ఎక్కించడం, వాటిలో తప్పనివేవో తగ్గించగలిగినవేవో విడదీయడం చూశాం. ఆ పుస్తకం ఇప్పుడు తెరిస్తే మీలో చాలామందికి 'పెట్రోలు 200' అనే పద్దు నెలలో ఏడెనిమిది సార్లు కనిపిస్తుంది. ఈసారి పాఠం ఆ పద్దుతోనే మొదలుపెడదాం.

బంకులో 'రెండు వందలకు పోయండి' అనే అలవాటున్న ఇంటికి ధర పెరిగిన సంగతి సరిగా తెలియదు. ఇచ్చే డబ్బు మారదు, బంకుకు వెళ్లే రోజులు మాత్రం దగ్గర పడతాయి. లీటరు 80 రూపాయలున్నప్పుడు ఆ 200కు రెండున్నర లీటర్లు వచ్చేవి; 107 అయినప్పుడు రెండు లీటర్లు కూడా రావు. నెలాఖరున మొత్తం ఎక్కువైతే, ధర పెరిగిందా, మన తిరుగుడు పెరిగిందా అన్నది రూపాయల పద్దులో తేలదు. కనుక ఈ నెల నుంచి పోయించిన ప్రతిసారీ రూపాయలతో పాటు లీటర్లు, బండి మీటరు రీడింగు కూడా రాయండి.

మైలేజీ కొలవడానికి ఒకసారి ట్యాంకు నిండా పోయించి రీడింగు రాసుకోండి. వారం, పది రోజులు తిరిగాక అదే బంకులో మళ్లీ నిండా పోయించి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. షోరూములో చెప్పిన అంకె కంటే ఇది తక్కువే వస్తుంది. పద్దుకు పనికొచ్చేది మాత్రం ఇదే. మరీ తక్కువ వస్తే ముందు టైర్లలో గాలి చూపించండి.

ఉదాహరణకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకు, దాదాపు 12 కిలోమీటర్లు, స్కూటరు మీద వెళ్లే ఉద్యోగిని తీసుకుందాం. రానూపోనూ 24 చొప్పున 25 రోజులకు 600, ఇతర పనులకు 120, మొత్తం 720 కిలోమీటర్లు. మైలేజీ 45 అయితే 16 లీటర్లు; లీటరు 107 చొప్పున 1,712 రూపాయలు. లీటరుకు ఒక్క రూపాయి పెరిగితే ఈ ఇంటి మీద నెలకు 16 రూపాయల భారం పడుతుంది.

ధరలను ఏ రోజుకు ఆ రోజు సవరించే పద్ధతి 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఉన్నా, నెలల తరబడి కదలకుండా ఉండి ఒక్కసారిగా ఎగబాకడమూ చూశాం. 2021 నవంబరు నుంచి నాలుగున్నర నెలలు నిలిచిన ధర, 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపు ఢిల్లీలో లీటరుకు 10 రూపాయలు పెరిగింది. తెలంగాణలో వ్యాట్ (రాష్ట్రం వేసే పన్ను) శాతం లెక్కన ఉన్నందువల్ల హైదరాబాదులో ఆ పెరుగుదల 11 రూపాయలు దాటింది. కనుక మీ లీటర్లను 12తో గుణించి చూడండి. మన ఉదాహరణలో 192 రూపాయలు వస్తుంది. ధర నిలకడగా ఉన్న నెలల్లోనే ఆ మొత్తాన్ని 'ఇంధన నిల్వ' అనే పద్దు కింద పక్కన పెట్టడం మొదలుపెడితే, పెరిగిన నెలలో చీటీ వాయిదాకో పిల్లల ఫీజుకో ఉంచిన డబ్బు కదపనక్కరలేదు.

తగ్గించుకోవడం అనగానే 'బస్సెక్కండి' అంటారు. లెక్క చూడకుండా ఆ మాట నమ్మవద్దు. మన ఉద్యోగికి రోజుకు పెట్రోలు 57 రూపాయలే. రెండు వైపులా టికెట్లు అంతకు మించితే మిగిలేదేమీ లేదు. స్త్రీల విషయం వేరు: తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి నిర్దేశించిన ఆర్టీసీ బస్సులలో వారికి ప్రయాణం ఉచితం. భార్యను దింపడానికి రోజూ ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగే ఇంట్లో ఆ ఒక్క మార్పుతో నెలకు మూడు లీటర్లకు పైగా మిగులుతుంది.

గ్యాసుకు కొలత రోజులు. బండ మార్చిన తేదీని గోడ క్యాలెండరు మీద రాసే ఇళ్లు చాలానే ఉన్నాయి. రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టే ఇళ్లు తక్కువ. లెక్క సులువు కోసం 14.2 కిలోల బండ 900 రూపాయలనుకుంటే, 36 రోజులు వచ్చే ఇంట్లో రోజుకు 25, 45 రోజులు వచ్చే ఇంట్లో 20. నెలకు తేడా 150 రూపాయలు. శనగలు, రాజ్మా ముందురాత్రే నానబెట్టడం, ఉడికేవాటికి కుక్కరు వాడడం, మంట పసుపుగా మారితే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయడం రోజులను పెంచుతాయి. పెట్రోలు ఆదా చేద్దామని మథనపడే మనం వంటింట్లో ఈ 150 సంగతి అడగం.

ఇక స్కూలు ఆటో, కూరగాయలు. డీజిలు ధర వీటిలోకి ఆలస్యంగా చేరుతుంది, చేరాక తేలికగా దిగిపోదు. 2022 మే నెలలో కేంద్రం పెట్రోలుపై 8, డీజిలుపై 6 రూపాయల సుంకం తగ్గించినప్పుడు మీ ఆటో కిరాయి తగ్గిందేమో పాత పుస్తకం ఉంటే చూడండి. అందుకే ఈ పెరుగుదలను ఇంధన నిల్వలోంచి తీయకండి. కొత్త కిరాయినే ఆ పద్దులో శాశ్వతంగా రాసి, అంత మొత్తాన్ని తగ్గించగలిగిన ఖర్చులలో ఏదో ఒకదాని నుంచి కొట్టివేయండి.

అభ్యాసం: వచ్చే 30 రోజులు లీటర్లు, రీడింగు రాయండి, ప్రస్తుతం నడుస్తున్న బండ ఏ తేదీన పెట్టారో గుర్తు చేసుకుని రాయండి. నాలుగో పాఠంలో కరెంటు బిల్లును యూనిట్లలో చదవడం మొదలుపెట్టేటప్పుడు ఈ అంకెలు దగ్గర ఉండాలి.